ఏటి అవతలి హెరాల్డ్

కెస్టర్, నెబ్రాస్కా
సెప్టెంబరు 12, 1994

అక్కా,

ఈ ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుని కంగారు పడకు. అందరం బతికే ఉన్నాం. క్రిస్మస్ కార్డు కింద సంతకం తప్ప మన మధ్య మాటా పలుకూ లేక రెండేళ్లవుతోంది గనక ముందే చెబుతున్నాను.

ఆనాడు థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర నువ్వన్నవీ నేనన్నవీ ఇప్పుడు తవ్వదల్చుకోలేదు. ఎన్నికల మాట ఎత్తింది నువ్వేనన్న సంగతి తవ్వను. బంగాళాదుంపల గిన్నె ఎవరు విసిరారో అసలే తవ్వను. ఇది వ్యాపారపు ఉత్తరం.

సంగతేమిటంటే, మా స్టేషన్ యజమానురాలు మార్డెల్ మొన్న నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. "లాడీ, నీ ప్రోగ్రాం వింటూ మా ఆయన కుర్చీలోనే గుర్రు పెడుతున్నాడు. పన్నులు ఎక్కువంటావు, ఫోను చేసినవాడు అవునంటాడు. ఈ కాలం పిల్లలకి భయం లేదంటావు, ఇంకోడు అవునంటాడు. అవును అనిపించుకోడానికి నీకు రేడియో ఎందుకయ్యా, నాలుగు గొర్రెల్ని పెంచుకో" అంది. వసంతం లోపల పరిస్థితి మారకపోతే నన్ను తీసేసి, ఉపగ్రహం మీంచి న్యూయార్క్ వాడి ప్రోగ్రాం దింపుతుందట. వాడికి కెస్టర్ ఎక్కడుందో తెలీదు. పందిని పళ్లెంలో తప్ప చూసి ఉండడు. పందుల ధరలకీ పోల్కా పాటలకీ మధ్య పద్దెనిమిదేళ్లుగా ఈ ఊరితో మాట్లాడుతున్నవాణ్ని నేను. ఈ వయసులో ఇంకేం చేస్తాను?

తప్పు నాది కాదు. నన్ను తిట్టేవాడు లేడు. హైస్కూల్లో చరిత్ర చెప్పే గిల్బర్ట్ మాస్టారు రోజూ ఫోను చేసి నన్ను ఉతికి ఆరేసేవాడు. ఆయన కాస్తా రిటైరై అరిజోనా చెక్కేశాడు. తీరా చూస్తే జిల్లా మొత్తానికి ఆయనొక్కడే లిబరల్ అని తేలింది. మనిషి ఉన్నప్పుడు విలువ తెలీదు.

అందుకని నువ్వు గుర్తొచ్చావు. నువ్వు ఫోను చెయ్యనక్కర్లేదు. నీ గొంతు ఊరంతా గుర్తుపడుతుంది, పైగా లాడీ కుబిచెక్ సొంత అక్కే ఇలాంటిదని తెలిస్తే నా పరువేం కాను? నువ్వు వాదనలు రాసి పంపు చాలు. ఎమిల్ జబ్కా ఇంటి నుంచి ఫోను చేసి చదువుతాడు. ఎమిల్ గుర్తున్నాడుగా, నాతో చదివాడు, ధాన్యం గిడ్డంగిలో పనిచేసి దిగిపోయాడు. నాకంటే ముదురు వాడు. కారులో సీటు బెల్టు పెట్టుకోమనడం కూడా కమ్యూనిజమే అంటాడు. అయినా స్నేహం కోసం సరేనన్నాడు. "ఏటి అవతల నుంచి హెరాల్డ్‌ని" అని చెప్పుకుంటాడు. ఎవడికీ అనుమానం రాదు.

ఇలా అడుగుతున్నందుకు మురిసిపోకు.

నీ తమ్ముడు,
లాడీ


డులూత్, మిన్నెసోటా
సెప్టెంబరు 19

ఒరేయ్ లాడీ,

ఆ గిన్నె నేను విసర్లేదు. జారింది. నీ వైపుకి జారింది, అంతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాఫీ కలుపుకుని మూడోసారి చదివాను. పద్దెనిమిదేళ్లుగా మాలాంటివాళ్లని దేశంలోంచి తరిమెయ్యమని నోరు పోయేలా అరిచావు. తరిమేశారు. ఇప్పుడు నీకు పొద్దుపోక మళ్లీ ఒకణ్ని తయారుచేసుకుంటున్నావు. నవ్వాలో ఏడవాలో తెలీక నవ్వాను.

రాస్తాను. నీ మీద ప్రేమ కారిపోయి కాదు. నలభై ఏళ్ల నుంచి నీకు చెప్పాలనుకున్నవన్నీ కడుపులో పేరుకుపోయి ఉన్నాయి, నువ్వు మధ్యలో అడ్డుపడకుండా వినే పద్ధతి ఇదొక్కటే కనిపిస్తోంది. అయితే షరతులున్నాయి. హెరాల్డ్ మాట్లాడుతుంటే ఫోను పెట్టెయ్యకూడదు. వాణ్ని వెధవా, సన్నాసీ అనకూడదు. ముఖ్యంగా, కవరు నువ్వు విప్పకూడదు. అలాగే ఎమిల్‌కి అందించాలి. నువ్వు ముందే చదివావంటే రాత్రంతా కూర్చుని జవాబులు వండుకుంటావు. చిన్నప్పుడు పేకాటలో కూడా నా ముక్కలు కిటికీ అద్దంలో చూసే ఆడేవాడివి.

సీటు బెల్టు గురించి మొదటిది లోపల పెట్టాను. ఎమిల్ చేత చదివించాలని సరదా పుట్టింది.

నాకు ఇక్కడ మీ స్టేషన్ అందదు. ఎవరు గెలిచారో నువ్వే రాయాలి. నిజం రాయి.

అర్లీన్


కెస్టర్
అక్టోబరు 10

అక్కా,

నిజమే రాస్తున్నాను. నేనే గెలిచాను.

కానీ ఫోన్లు! మొదటిరోజు హెరాల్డ్ ఇంకా ముగించకముందే ఫోన్ల పెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. గిల్బర్ట్ మాస్టారి రోజుల్లో కూడా అలా వెలగలేదు. పళ్ల డాక్టరు ఫోను చేశాడు. పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ చెయ్యని కాథలిక్ చర్చి వంటావిడ ఫోను చేసింది. "ఆ హెరాల్డ్ ఎవడోగానీ వాళ్లమ్మ వాడికి చిన్నప్పుడే రెండు తగిలించాల్సింది" అంది. మార్డెల్ స్టూడియో అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది.

ఎమిల్ చదవడం మాత్రం చూడాలి. స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు చదువుతాడు. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపిస్తుంది. మొదటివారం ప్రతి వాక్యం చివరా "అని కొందరంటారు" అని కలిపాడు. నేను కోప్పడితే మానేశాడు. అద్దెకుండే వాళ్ల హక్కుల గురించి నువ్వు రాసినదాన్ని చదివి, ఫోను పెట్టేసి, నా ఇంటికొచ్చి "లాడీ, కాస్త విస్కీ పొయ్యి, నోరు కడుక్కోవాలి" అన్నాడు.

ఒక్క వింత. ఈ మధ్య ఊళ్లోవాళ్లు ఎమిల్‌తో మహా మెత్తగా ఉంటున్నారట. ఎవరో వాడి గుమ్మంలో కొలాచీల పళ్లెం పెట్టి పోయారు, గసగసాలు పెట్టిన తీపి బన్నులూ ఆప్రికాట్లు పెట్టినవీ. క్షవరం దుకాణంలో డబ్బు వద్దన్నారట. ఫాదర్ దారిలో ఆపి, భుజం మీద చెయ్యి వేసి, "నీ కోసం ప్రార్థిస్తున్నానయ్యా ఎమిల్" అన్నాడట. వాడు హడలిపోయి డాక్టరు దగ్గరికెళ్లి రక్తం పరీక్ష చేయించుకున్నాడు. ఏమీ లేదు.

ఎమిల్ అడగమన్నాడు: "సాంఘిక భద్రత" అన్నచోట వాడికి నోరు తిరగట్లేదు, చిన్నమాట ఏదైనా వెయ్యవా?

లాడీ


డులూత్
నవంబరు 14

ఒరేయ్ పిచ్చి లాడీ,

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుందిరా మీ ఇద్దరి వ్యవహారం. ఎమిల్ జబ్కా గిడ్డంగి లౌడ్‌స్పీకర్లో "తర్వాతి లారీ రావాలి" అని ఎన్నేళ్లు అరిచాడు? మీ జిల్లాలో పాలు తాగే పిల్లాడికి కూడా ఆ గొంతు తెలుసు. మొదటిరోజే అందరూ గుర్తుపట్టారు. గుర్తుపట్టి, పాపం ఎమిల్ ఇన్నాళ్లూ లోపల్లోపల లిబరల్‌గా బతికాడు, సిగ్గుపడి పేరు మార్చుకుని చెప్పుకుంటున్నాడు అనుకుంటున్నారు. మనవాళ్ల సంగతి నీకు తెలీదా? మొహం మీద ఒక్క ముక్క అనరు. కొలాచీలు పెట్టి పోతారు. అమ్మకి జబ్బు చేసినప్పుడు మనకెన్ని పళ్లేలొచ్చాయో గుర్తు చేసుకో.

ఎమిల్‌కి చెప్పకు. కొలాచీలు ఆగిపోతాయి.

వచ్చే వారం థాంక్స్‌గివింగ్ పండగ. నువ్వు రమ్మని రాస్తావేమోనని చూశాను. రాయలేదు. సరే, ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది, ఎలాగూ రాలేను.

ఇంకోటి. కెస్టర్ వారపత్రిక నాకింకా పోస్టులో వస్తుంది. చావు కబుర్లు చదివాక మిగతావి కూడా చదువుతాను. అంబులెన్స్ పన్ను మీద ఫిబ్రవరిలో ఓటింగట. పాత బండి ఇంజను దారిలో ఆగిపోతోందట, కొత్తది కొనాలంటే భూమి పన్ను కాస్త పెంచాలట. నువ్వు వద్దంటున్నావట. ఇది కూడా రేడియో కోసమేనా, నిజంగానే అంటున్నావా?

అర్లీన్


కెస్టర్
డిసెంబరు 28

అక్కా,

నిజంగానే అంటున్నాను. పొద్దున్నే మైకు ముందు కూర్చుని అబద్ధాలాడే మనిషిలా కనిపిస్తున్నానా నీకు? (ఎమిల్ సంగతి వేరు. అది వ్యాపారం.)

నా వాదన ఇది. అంబులెన్స్ వద్దని నేననను. పన్ను వద్దంటాను. పాన్‌కేక్ విందు పెట్టండి, చందాలు పోగెయ్యండి, మొదటి చందా నేనిస్తాను. మనిషికి మనిషి సాయం చెయ్యాలిగానీ, జిల్లా ఆఫీసు నుంచి నోటీసు వస్తే చేసేది సాయమెలా అవుతుంది? మన చిన్నప్పుడు ఈ ఊళ్లో అంబులెన్సే లేదు. శవాల పెట్టెలు చేసి అంత్యక్రియలు జరిపించే లియో మారెష్, శవాలు మోసే తన పెద్ద నల్లబండి వేసుకుని, ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరికి నొప్పులొచ్చినా పరుగున వచ్చేవాడు. పైసా అడిగేవాడు కాదు.

నిన్న ప్రోగ్రాంలో అదే చెప్పాను. నాన్న సంగతి చెప్పాను. నేను జర్మనీలో సైన్యంలో ఉన్నప్పుడు, మొక్కజొన్న కంకుల యంత్రంలో ఆయన చెయ్యి పడితే, లియో పిలిచీ పిలవగానే వచ్చాడనీ, మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళ్లాడనీ, నాన్న ఏ బాధా లేకుండా నిద్రలోనే పోయారనీ. అమ్మ నాకు ఉత్తరంలో అలాగే రాసింది. "ఏ పన్నూ కట్టకుండానే మా నాన్నని ఈ ఊరు అలా సాగనంపింది" అన్నాను. అరగంట సేపు దీపాలు ఆరలేదు. ఒక ముసలాయన ఏడుస్తూ ఫోను చేశాడు.

అంచేత ఓటింగు ముందురోజుకి హెరాల్డ్ చేత గట్టిగా ఏదైనా అనిపించు. నీ దగ్గరున్న అన్నిటికన్నా గట్టిది పంపు. మార్డెల్ ఆ రోజు ప్రకటనలకి రెట్టింపు రేటు పెట్టింది. అది బాగా కుదిరిందంటే న్యూయార్క్ వాడి పీడ విరగడవుతుంది.

నూతన సంవత్సర శుభాకాంక్షలు.

లాడీ


డులూత్
జనవరి 30, 1995

లాడీ,

నువ్వడిగినట్టే గట్టిది పంపుతున్నాను. నెల్లాళ్లు పట్టింది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

కవరు విప్పకూడదన్న షరతు ఈ ఒక్కసారికి ఎత్తేస్తున్నాను. ఎమిల్‌కి ఇచ్చేముందు నువ్వు చదువు. చదివి, వద్దనిపిస్తే పొయ్యిలో పడెయ్యి. నేనేమీ అనుకోను. నిజంగా చెబుతున్నాను.

అక్క


కెస్టర్
ఫిబ్రవరి 14

అర్లీన్,

నేను విప్పలేదు.

నువ్వు విప్పమన్నావు. అందుకే విప్పలేదు. మాట మాటే, ఆట మధ్యలో నియమం మార్చేది మీవాళ్లు, మేం కాదు అనుకుని, కవరు అతికించినట్టే తీసుకెళ్లి ఎమిల్ చేతిలో పెట్టాను. నీ మీద పైచెయ్యి అనుకున్నాను. గాడిదని.

ఎమిల్ చదివింది నీకు తెలుసు, రాసింది నువ్వే. అయినా నాకెలా వినిపించిందో నువ్వు వినాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాఫీ కప్పు పట్టుకుని, నవ్వుతూ కూర్చున్నాను. "మా నాన్న చెయ్యి యంత్రంలో పడింది" అని మొదలుపెట్టాడు. నాకింకా అర్థం కాలేదు. "లియో వెంటనే రాలేదు. ఒక పెద్దావిడ అంత్యక్రియల్లో ఉన్నాడు. అవి అయ్యాక, శవాన్ని దింపి, పూలు కూడా తియ్యకుండా వచ్చాడు." అప్పుడు నా చేతిలో కప్పు ఆగిపోయింది. "బండిలో మందు లేదు, కట్టు లేదు, ఆక్సిజన్ లేదు. నా చేతిలో రెండు వంటింటి తువ్వాళ్లున్నాయి. మా నాన్న కళ్లు తెరిచి, నల్ల తెరలు చూసి, చుట్టూ కార్నేషన్ పూలు చూసి, 'లియో, కాస్త తొందరపడ్డావేమో' అన్నాడు."

ఆ మాట నాన్నది. ఇంకెవరూ అలా అనరు. ఎమిల్ నోట్లోంచి నాన్న మాట వచ్చింది.

నా వేలు కోత బటన్ మీదే ఉంది. బూతులొస్తే నొక్కడానికి పెట్టింది. నొక్కితే అక్కడితో ఆగిపోయేది. నొక్కలేదు. "ఆసుపత్రి ఇంకా చాలా దూరముంది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర లియో బండి నెమ్మది చేశాడు. అద్దంలోంచి నా మొహం చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆసుపత్రి వైపు తిప్పాల్సిన బండిని తన దుకాణం వైపు తిప్పాడు. బండి మార్చక్కర్లేకపోయింది." అని చదివి, ఎమిల్ కాగితం తిప్పాడు. ఆ చప్పుడు కూడా ఊరంతా వింది.

తర్వాత ఎవ్వరూ మాట్లాడలేదు. రేడియోలో నిశ్శబ్దం కన్నా పాపం లేదు, అర్లీన్. స్టేషన్ కాలిపోతున్నా ఏదో ఒకటి వాగుతూ ఉండాలని నాకు నేర్పారు. మార్డెల్ అద్దం మీద కొడుతోంది. చివరికి ఏ దీపం వెలిగితే అది నొక్కాను.

"హలో" అన్నాడొక ముసలాయన. "నేను వృద్ధాశ్రమం నుంచి మాట్లాడుతున్నాను. నేను ఎమిల్ జబ్కా నాన్నని. బతికే ఉన్నాను. నా చేతులు రెండూ ఉన్నాయి. మావాడు నన్నెప్పుడు చంపాడో కాస్త కనుక్కుని చెప్తారా?"

"నేను ఎమిల్ని కాదు, హెరాల్డ్‌ని" అన్నాడు ఎమిల్ ఇంకో లైన్లోంచి.

"నోర్ముయ్యరా ఎమిల్" అన్నాడు వాళ్ల నాన్న.

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. "అది మా నాన్న, జబ్కా గారూ. మీరు కాదు. మా నాన్న" అన్నాను. మైకు తెరిచే ఉంది. మార్డెల్ పోల్కా పాట పెట్టేసింది. నేను లేచి, కోటు వేసుకుని, ఇంటికొచ్చేశాను.

ముప్ఫై ఏళ్లకి పైగా నేను నాన్న నిద్రలో పోయారని చెప్పుకుంటూ తిరిగాను. నువ్వు వింటూ ఊరుకున్నావు. ఊరంతటికీ ఎమిల్ చేత చెప్పించావు, నాకు మాత్రం చెప్పలేకపోయావు. నాకు నీ వాదనలు అక్కర్లేదిక.

లాడీ కుబిచెక్


డులూత్
ఫిబ్రవరి 18

తమ్ముడూ,

ఇంటిపేరుతో సహా సంతకం పెట్టావు. బ్యాంకువాళ్లు కూడా నాకలా రాయరు.

చెప్పనివ్వమని అడుగుతున్నాను, విను. ఆ రోజు అమ్మ నా చేతులు కడిగి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, నీకు రాసే ఉత్తరం తనే రాసింది. "వాడు సముద్రం అవతల ఒంటరిగా ఉన్నాడు. నిద్రలో పోయారని రాస్తున్నాను. నువ్వు కూడా అదే చెప్పు" అంది. నేను సరేనన్నాను. నువ్వు తిరిగొచ్చేసరికి ఆ మాట ఇంట్లో కుర్చీలా, బల్లలా ఒక సామానైపోయింది. అమ్మ ఉన్నన్నాళ్లూ కదపలేకపోయాను. అమ్మ పోయాక, నువ్వు హాయిగా నమ్ముతున్నదాన్ని ఎందుకు లాక్కోవాలి అనుకున్నాను. అది నా దాకా ఉంటే నేను మోసేదాన్నే.

కానీ నువ్వు దాన్ని మైకు ముందు పెట్టావు లాడీ. లియో బండిలో మెత్తటి పరుపు అన్నావు. పరుపు లేదురా. శవపేటిక జారడానికి వేసిన ఇనప చక్రాలున్నాయి. వాటి మీద దుప్పటి పరిచాం. ఆ చక్రాలు ప్రతి గతుకుకీ దొర్లుతుంటే నాన్న జారిపోకుండా కాళ్లతో అడ్డం పెట్టాను. లియో మంచివాడు, దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. మంచితనానికి ఆక్సిజన్ సీసా ఉండదు, అంతే నా వాదన. హెరాల్డ్ వాదన కాదు, నాది.

నువ్వు చదువుతావనుకున్నాను. నిన్ను రెచ్చగొట్టడానికి కాదు, నిజంగానే విప్పమన్నాను. నువ్వు ఇంత మొండివాడివని మర్చిపోయాను. మొండితనంలో మనిద్దరికీ ఒకటే పోలిక.

ఓటింగు ఏమైందో పత్రికలో ఇంకా రాలేదు. ఓడిపోయినా ఫర్వాలేదు. జవాబు రాయి.

అక్క


కెస్టర్
మార్చి 3

అక్కా,

రాయకూడదనే అనుకున్నాను. కానీ ఇది చెప్పుకోడానికి ఇంకెవరూ లేరు.

అంబులెన్స్ పన్ను నెగ్గింది. తృటిలో నెగ్గింది. ఎందుకు నెగ్గిందో విను, విని కుర్చీలోంచి పడకు.

నువ్వు రాసింది మన నాన్న కథ అని ఊరంతటికీ అర్థమైంది. మైకులో నేనే ఒప్పుకున్నాను. మరి అది ఎమిల్‌కి ఎవరు రాసిచ్చి ఉంటారు? నువ్వు ఊరొదిలి ఎన్నాళ్లో అయింది, నువ్వెవరికీ గుర్తు రాలేదు. మన నాన్న కథ నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? అంచేత సెప్టెంబరు నుంచి హెరాల్డ్ మాటలన్నీ నేనే రాశానని తేల్చేశారు! లాడీ లోపల్లోపల లిబరల్, పైకి చెప్పుకోలేక పాపం ఎమిల్ చేత చెప్పించుకున్నాడు, చివరికి ఆ అంబులెన్స్ దగ్గర తట్టుకోలేక బయటపడ్డాడు, అదీ కథ. లాడీ మనసులో నిజంగా కోరుకునేది కొత్త బండే అని, నా మీద అభిమానంతో వెళ్లి ఓటేశారు. నా మాట విని ఓటెయ్యలేదని నేనెప్పుడూ ఏడ్చేవాణ్ని. ఇప్పుడు నేననని మాట విని ఓటేశారు.

నిన్న కాఫీ హోటల్లో పళ్ల డాక్టరు పక్కన కూర్చుని, అటూ ఇటూ చూసి, "లాడీ, నేనూ అంతే. మా ఆవిడకి తెలీదు" అని గొణిగాడు. చర్చి వంటావిడ నా చెయ్యి పట్టుకుని, "హెరాల్డ్‌ని తిట్టాను, ఏమనుకోకు నాయనా" అంది. "అమ్మా, అవి నేను రాయలేదు, మా అక్క రాసింది" అన్నాను. "అవునవును, అక్కే" అని కన్ను గీటింది. ఎవరికి చెప్పినా అదే. ఈ వారంలో నా గుమ్మంలో ఎన్ని కొలాచీల పళ్లేలున్నాయో చెప్పను. ఎమిల్‌కి మాత్రం ఆగిపోయాయి. వాడు అలిగాడు.

మార్డెల్ న్యూయార్క్ వాడికి వద్దని రాసేసింది. "ఇప్పుడు నువ్వేమంటావో, నిజంగా ఏమనుకుంటావో ఎవడికీ తెలీదు. అందుకే అందరూ వింటున్నారు" అంటోంది. నా ఉద్యోగం నిలబడింది. పరువు పోయింది. రోజూ పొద్దున్నే నేను నమ్మేదే గొంతు చించుకుని చెబుతున్నాను, విన్నవాళ్లంతా "భలే నటిస్తాడు" అనుకుంటున్నారు.

కోపం తగ్గలేదు. కానీ రోజూ ఇంటికొచ్చేటప్పుడు ఆ కూడలి దగ్గర బండి ఆపుతున్నాను. లియో నెమ్మది చేసిన చోట. ఎటు చూడాలో తెలీక కాసేపు కూర్చుని వచ్చేస్తున్నాను.

ఒక్కటి అడుగుతాను. లియోతో హాస్యమాడిన దగ్గర్నుంచి కూడలి వరకూ చాలా దారుంది. ఆ మధ్యలో నాన్న ఏమైనా అన్నారా? నా గురించి కాకపోయినా సరే.

లాడీ


డులూత్
మార్చి 9

లాడీ,

అన్నారు. ఎమిల్ నోట్లో పెట్టడానికి మనసొప్పక దాచాను.

నీ గురించి అన్నారని రాస్తే నీకు బాగుంటుంది. అనలేదు. అమ్మ ఒకసారి నీతో తియ్యటి అబద్ధమాడింది, రెండోది నేనాడను.

గతుకుల రోడ్డు ఎక్కగానే "టైమెంతయింది?" అన్నారు. మధ్యాహ్నమైందన్నాను. "అయితే ధరలు చెబుతుంటాడు, రేడియో పెట్టు లియో" అన్నారు. శవాల బండిలో రేడియో పెట్టడం తప్పేమోనని లియో జంకాడు. "నీ పాసింజర్లలో ఇంతవరకూ ఎవడూ అడగలేదా?" అన్నారు. పెట్టాడు. అందులో ఎవడో పందుల ధర చెప్పాడు. నాన్న తల ఎత్తబోయారు. ఒంట్లో రక్తం లేదు, మొహం సున్నంలా ఉంది, అయినా కోపమొచ్చింది. "అబద్ధం! నిన్న నేనే అమ్మాను! వీడెప్పుడైనా పందిని చూశాడా? ఎవరైనా ఫోను చేసి చెప్పండ్రా వీడికి!" అన్నారు.

అదే ఆఖరి మాట. ఆ తర్వాత వింటూ ఉన్నారు. మొహం చిట్లించుకుని, ఇప్పుడు జవాబు చెబుతాను చూడు అన్నట్టు వింటూ ఉన్నారు. ఎప్పుడు వినడం మానేశారో నాకు తెలీలేదు.

అమ్మకి కూడా ఇది చెప్పలేదు. నీకే మొదట చెప్పడం.

అక్క


కెస్టర్
మార్చి 20

అక్కా,

చదివాను. స్టేషన్లో ఎవరూ లేనప్పుడు మైకు కట్టేసి, పైకే చదివాను.

ఈస్టరుకి రా. బస్సు కూడలి దగ్గరే ఆగుతుంది, నేనొచ్చి నిలబడతాను. ఎమిల్నీ వాళ్ల నాన్ననీ కూడా భోజనానికి పిలిచాను. ఆ ముసలాయన తనని చంపిన రచయిత్రిని చూడాలంటున్నాడు. గిన్నెలన్నీ ఈసారి నా వైపు పెడతాను.

కొత్త అంబులెన్స్ వచ్చింది. నిన్న వెళ్లి చూశాను. ఆక్సిజన్ ఉంది, కట్లున్నాయి, ఏవేవో గొట్టాలూ దీపాలూ ఉన్నాయి. అన్నీ చూపించి, "ఇంకేం కావాలి లాడీ? ఇది నీ బండేగా" అన్నారు. వెనకభాగమంతా వెతికాను. రేడియో లేదు. డ్రైవరు దగ్గర ఉందిగానీ పడుకున్నవాడికి వినిపించదు.

అందుకని ఒకటి కొని, తలవైపు నేనే దగ్గరుండి బిగించాను. చెయ్యి చాస్తే అందుతుంది. ఇది పన్ను డబ్బు కాదు, నా సొంత డబ్బు, ఆ సంగతి హెరాల్డ్‌కి బాగా చెప్పు. మా స్టేషన్ దగ్గర ముల్లు పెట్టి ఉంచాను. నచ్చనివాళ్లు తిట్టుకోవచ్చు.

నీ తమ్ముడు,
లాడీ